ఉప్పు కాపడం

మేడ మీద వాటాలో ఉండే వదిన నా ఎడమ పాదానికి పసుపు రాయకుండా వదిలేసిందని అనుకున్నాను.

శ్రావణ శుక్రవారం పేరంటం. వాళ్ల హాల్లో ప్లాస్టిక్ కుర్చీల్లో వరసగా కూర్చున్నాం. వదిన పసుపు గిన్నె పట్టుకుని ఒక్కొక్కరి కాళ్ల దగ్గరా వంగుతూ వస్తోంది. నా దగ్గరికి వచ్చేసరికి నేను పక్కావిడతో పిల్లల యూనిఫారాల గురించి మాట్లాడుతున్నాను. కుడి పాదం మీద తడి చెయ్యి చల్లగా పాకింది. మడమ దాకా వెళ్లి మళ్లీ వేళ్ల మీదికి వచ్చింది. ఆ తరువాత ఏమీ లేదు. వదిన లేచి పక్క కుర్చీ ముందుకి వెళ్లిపోయింది.

అంతకు ముందు వారం మా ఇద్దరికీ చిన్న పట్టింపు వచ్చింది. మెట్ల కింద నా స్కూటీ పెట్టడం వల్ల వాళ్లాయన బండి తీయడానికి దారి ఉండడం లేదని ఆవిడ అంది. అద్దె మేమూ కడుతున్నామని నేనూ అన్నాను. అది మనసులో పెట్టుకుని, పేరంటానికి పిలిచి, ఒక కాలికే పసుపు రాసి పంపిస్తుందా అని ఒళ్లు మండింది. పైకి ఏమీ అనకుండా, పక్కావిడకి చూపించి నవ్వుదామని కిందికి చూశాను.

రెండు పాదాలూ పచ్చగా ఉన్నాయి. ఎడమ పాదానికి కాస్త ఎక్కువే రాసింది. మెట్టె చుట్టూ పసుపు ముద్ద ఇంకా తడిగా మెరుస్తోంది.

బొటనవేలు కదిపి చూశాను. కాస్త ఆలస్యంగా, బద్ధకంగా కదిలింది. అది కదలడం కంటికి కనిపించింది గానీ కాలిలో నాకేమీ తెలియలేదు. పక్కావిడ ఏదో అడుగుతోంది. నేను తలూపుతున్నాను. శనగలు, తాంబూలం కొంగులో పట్టుకుని, గోడ మీద చెయ్యి వేసుకుని, ప్రతి మెట్టూ చూసుకుంటూ కిందికి దిగాను. వదిన మీద కోపం మెట్ల దగ్గరే పోయింది. దాని స్థానంలోకి వచ్చింది మాత్రం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

ఆ ఏడాది వేసవిలో నా నడుము పడిపోయింది. మా అత్తయ్య తమ్ముడు మునగపాక నుంచి ఏటా బెల్లం దిమ్మ పంపిస్తాడు. ఆటో అతను దాన్ని గేటు దగ్గర దింపేసి వెళ్లిపోయాడు. మా ఆయన వచ్చే దాకా ఉంచితే చీమలు పడతాయని నేనే వంగి ఎత్తాను. సగం లేచేసరికి నడుములో ఏదో జారినట్టయి, పిరుదు నుంచి పాదం దాకా కాలిన తీగ లాగినట్టు నొప్పి దిగింది. విశాఖపట్నంలో డాక్టరు గారు స్కానింగ్ ఫిల్ము లైటు ముందు పెట్టి, డిస్కు వెనక్కి జారి ఎడమ కాలికి వెళ్లే నరాన్ని నొక్కుతోందని చూపించారు. మందులు, పడక, వ్యాయామాలు. పిల్లల్ని చూసుకోవడానికి మా ఆయన వాళ్లమ్మని ఊరి నుంచి తీసుకొచ్చాడు. బడులు తెరిచే నాటికి నొప్పి బాగా తగ్గింది.

డాక్టరు గారు ఇంకో మాట కూడా చెప్పారు. నొప్పి తగ్గినంత మాత్రాన నరం బాగుపడినట్టు కాదు, మొద్దుబారడం పెరిగినా, కాలు పట్టు తప్పినా, చెప్పు జారిపోయి మీకు తెలియకపోయినా ఆలస్యం చేయకుండా వచ్చేయాలన్నారు. అప్పుడు నేను నొప్పితో చచ్చిపోతున్నాను. నొప్పి పోతే చాలనుకున్నాను. పేరంటం నుంచి వచ్చి బాత్రూంలో పసుపు కడుక్కుంటుంటే ఆ మాటలు ఒక్కొక్కటే వెనక్కి వచ్చాయి. నీళ్లు ఎడమ పాదం మీద పడుతున్నాయని చప్పుడును బట్టి తెలుసుకోవాల్సి వచ్చింది.

అయినా ఇంట్లో పూర్తిగా చెప్పలేదు. కారణం స్కూటీ.

మా ఆయన పరవాడలో మందుల కంపెనీలో పని చేస్తాడు. పొద్దున్న షిఫ్టు అయితే పిల్లలు లేవకముందే కంపెనీ బస్సు ఎక్కేస్తాడు. పిల్లల్ని బడికి నేనే దింపుతాను. చిన్నోడు ముందు నిలబడతాడు, పెద్దది వెనక బ్యాగులతో కూర్చుంటుంది. మా సందులో పిల్లలు వెళ్లే ఆటో ఒకటుంది. దాంట్లో పిల్లలు ఒకళ్ల ఒళ్లో ఒకళ్లు కూర్చుంటారు, బ్యాగులు బయట వేలాడుతుంటాయి, డ్రైవరు చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని నడుపుతాడు. ఆ ఆటోని నేను ఎప్పుడూ నమ్మలేదు. నేను బండి మానేస్తే నా పిల్లలు ఎక్కేది దాంట్లోనే.

గేర్లు లేని బండికి బ్రేకులు రెండూ చేతికే ఉంటాయి, కాలితో పనేముందని అనిపిస్తుంది. బండి ఆగినప్పుడు తెలుస్తుంది. బెల్లం మార్కెట్టు వైపు తిరిగే మలుపులో రోజూ ఆగాలి. ఆగగానే ముగ్గురి బరువూ ఎడమ వైపు వాలుతుంది. ఎడమ కాలు నేలకి ఆనాలి. అది ఆనిందో లేదో, రాయి మీద ఆనిందో గుంతలో ఆనిందో నాకు తెలియకపోతే బండి పడుతుంది. పక్కనే లారీ ఉంటుంది. నేను చేసిందేమిటంటే, కాలికి తెలియనిది కంటితో చూసుకోవడం మొదలుపెట్టాను. ఆగే ముందు కిందికి చూసి, చోటు ఎంచుకుని, కాలు పెట్టి, మళ్లీ చూసి, అప్పుడు బరువు వదిలేదాన్ని. ఆ కాసేపు రోడ్డు మీద నా చూపు ఉండేది కాదు. ఆ సంగతి నాకు నేను చెప్పుకోలేదు.

కాలేమో నాతో అబద్ధాలాడేది. ఏమీ లేకుండానే కింద మడత పడిన గుడ్డ అంటుకున్నట్టు ఉండేది. పొడి నేల మీద తడిగా ఉన్నట్టు అనిపించేది. అన్నం మెతుకు అంటుకుందని వంగి చూస్తే ఏమీ ఉండదు. ఒకరోజు వంటింట్లో బెల్లం తరుగుతూ యథాలాపంగా కిందికి చూస్తే ఎర్ర చీమలు చీలమండ దాకా పాకి ఉన్నాయి. కుట్టిన చోటల్లా దద్దుర్లు. లేని మెతుకు సంగతి చెప్పిన కాలు ఉన్న చీమల సంగతి చెప్పలేదు.

చీమల్ని దులుపుకుంటుంటే అత్తయ్య చూసింది. కాస్త తిమ్మిరిగా ఉంటోందని మాత్రం చెప్పాను.

"తిమ్మిరికేటమ్మా. ఉప్పు కాపడం ఎడితే దిగిపోద్ది," అంది. ఆగి, "మేం సెరుకు మోపులు ఎత్తేం, నాట్లేసేం. మా నడుములు పోనేదు. నీకు బెల్లం దిమ్మ ఎత్తితే పోయింది," అని కూడా అంది.

ఆ మాట నేను చాలా రోజులు నమిలాను. ఆవిడ నా నొప్పిని నమ్మదని నా అనుమానం. నమ్మితే తన తమ్ముడు పంపిన దిమ్మ వల్లే కోడలి కాలు పోయిందని ఒప్పుకోవాలి. అందుకే నన్ను సుకుమారం కింద జమ కట్టేసిందని తేల్చుకున్నాను.

ఆ సాయంత్రం నుంచి కాపడం మొదలైంది. దీపాలు పెట్టే వేళకి నన్ను చాప మీద కూర్చోబెట్టి, కల్లుప్పు మూకుట్లో వేయించి, పాత చీర ముక్కలో మూట కట్టి, నా కాలు తన ఒళ్లో పెట్టుకుని అద్దేది. మధ్యమధ్యలో వేడి ఎలా ఉందని అడిగేది. నాకు పిక్క వరకు తెలిసేది. చీలమండ దాటితే ఏమీ తెలిసేది కాదు. కానీ ఆవిడ మొహం చూసి, మూట ఎంతసేపు ఆపుతోందో చూసి, బాగుందనో చాలనో అనేదాన్ని. వేడి తెలియడం లేదన్న మాట నా నోటి నుంచి వస్తే అదే రాత్రి మా ఆయన చెవిలో పడుతుంది. తెల్లారేసరికి పిల్లలు ఆటోలో ఉంటారు.

కాలి చెప్పు జారింది కూడా ఆ వారమే. మలుపు దగ్గర ఆగి, కాలు ఆనించి, లారీ కదలగానే బయల్దేరాను. బడి దగ్గర ఆపాక పెద్దది దిగి, తన లంచ్ బ్యాగులోంచి నా ఎడమ కాలి చెప్పు తీసి నా కాలి పక్కన పెట్టింది. మలుపు దగ్గర జారిపోతే వంగి అందుకున్నట్టుంది. దారంతా నా కాలు ఖాళీగా ఉంది. ఎప్పుడు పడిందని అడిగితే భుజాలెగరేసింది. ఎందుకు పిలవలేదని అడిగితే, "నువ్వు రోడ్డు చూసుకోవాలి కదమ్మా," అని లోపలికి వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి ఇల్లు నాకు వేరేగా కనిపించడం మొదలైంది. నేను గదిలోకి వెళ్తే అత్తయ్య ఫోను మాట్లాడటం ఆపేసేది. అవతల ఉన్నది మా ఆయనేనని ఆవిడ గొంతుని బట్టి తెలిసేది. క్యాలెండరు పక్క మేకుకి ఉండే స్కూటీ తాళం ఒక పొద్దున్న కనపడలేదు. వెతుకుతుంటే అత్తయ్యే బియ్యం డబ్బా మీద ఉందంటూ తెచ్చిచ్చింది. నేను అక్కడ పెట్టలేదు. పెద్దది నేను నడుస్తుంటే మొహం వైపు చూడడం మానేసి పాదాల వైపు చూస్తోంది. చిన్నోడిని ఒళ్లో కూర్చోబెట్టుకుని, మామ్మ ఏం చెబుతోందని మెల్లగా అడిగాను. "అమ్మకి సెప్పొద్దంది," అన్నాడు మామ్మ యాసలోనే, నోటి మీద వేలు వేసుకుని. బిస్కెట్ ఇస్తానన్నా ఇంకేం చెప్పలేదు.

నాకొక కథ తయారైంది. నన్ను విశ్రాంతి పేరుతో పుట్టింటికి పంపిస్తారు. పిల్లల్ని ఇక్కడే ఉంచుకుంటారు. బండి అమ్మేస్తారు. మా ఆయన ఇంటికి వచ్చి, నీరసంగా ఉన్నావే అని అడిగినా అందులో ఇంకో అర్థం వెతికేదాన్ని. డిగ్రీలో సైన్సు చదివాను. నరం గురించి ఫోన్లో దొరికినదంతా చదివాను. అందులో సగం భయపెట్టేది, సగం ఏదో ఒక నూనె అమ్మేది. దేన్నీ నమ్మలేదు. డాక్టరు దగ్గరికి వెళ్తే ఆపరేషన్ అంటారని, ఆ మాట వినిపించగానే నా కథ నిజమైపోతుందని, వెళ్లడం కూడా వాయిదా వేస్తూ వచ్చాను.

ఒక సాయంత్రం అత్తయ్య రోజూ లాగే చాప వేసింది. టీవీలో సీరియల్ నడుస్తోంది. పెద్దది మూలన కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. చిన్నోడు బొమ్మ లారీలో ఉప్పు రాళ్లు నింపుతున్నాడు. అత్తయ్య వంటింట్లోంచి మూట తెచ్చి, నా కాలు ఒళ్లోకి తీసుకుని, తిన్నగా పాదం మీదే పెట్టింది. పిక్క దగ్గర మొదలుపెట్టలేదు. అది నేను గమనించాను గానీ ఆలోచించలేదు.

"ఏడి సరిపోయిందేటి?" అంది.

సరిపోయిందన్నాను.

"ఎక్కువైతే సెప్పు."

ఎప్పుడూ ఇంతసేపు ఒకే చోట ఆపదు. అందుకని, "కొంచెం ఎక్కువే అత్తయ్యా, చాలు. తీసేయండి," అన్నాను.

తీయలేదు. నా మొహంలోకి చూసింది. తరువాత మూట ఎత్తి, నా చెయ్యి పట్టుకుని, అరచేతిలో పెట్టింది. చల్లగా ఉంది. జాడీలోంచి అప్పుడే తీసిన ఉప్పులా చెమ్మగా ఉంది.

"ఇయ్యాల పొయ్యి ఎలిగించనేదు," అంది.

పెద్దదాని పెన్సిలు ఆగిపోయింది. అది లెక్కల పుస్తకంలోంచి తలెత్తలేదు.

నాకు ముందు వచ్చింది కోపమే. అనుమానించినదంతా నిజమే అనిపించింది. "నాకు పరీక్ష పెట్టారా?" అన్నాను.

"ఎట్టకపోతే సెప్తావా?" అంది.

లేచి వెళ్లి, మా ఆయన గడ్డం గీసుకునే చిన్న అద్దం తెచ్చింది. నా పాదం తిప్పి, అరికాలి అంచుకి అద్దం పట్టి చూడమంది. చిటికెన వేలి కింద నీళ్లు నిండిన బొబ్బ. చుట్టూ చర్మం ఎర్రగా ఉంది. ఆ కాలు ఎవరిదో అన్నట్టు చూశాను.

"నిన్న గుడ్డ తీత్తుంటే కనపడింది. ఇది నేను కాల్చిందే. నేను కాల్చేత్తంటే నువ్వు బాగుందన్నావు." ఆవిడ గొంతు పెరగలేదు. "నా సేత నీ కాలు కాల్పించేవు. ఆ దిమ్మ పంపించింది మావోళ్లేనని ఇప్పటికే నాకు అన్నం దిగట్నేదు. ఇదొకటి."

ఆవిడ కొంగు ముడి విప్పి స్కూటీ తాళం తీసి చాప మీద, నా కాలి పక్కన పెట్టింది. చెప్పు సంగతి పెద్దది చెప్పిందని, దాన్ని ఏమీ అనొద్దని అంది. తాళం దాచింది కూడా తానేనంది.

"రేపు పిల్లల్ని ఎక్కించుకుని ఎల్తానంటే తీసుకో. నేను అడ్డం రాను. నీ పిల్లలు."

తాళం చేతికి అందేంత దూరంలోనే ఉంది. దానికి చిన్నోడు తగిలించిన ప్లాస్టిక్ చేప బొమ్మ ఉంది. ఆ మలుపు, లారీ చక్రం, ఆగే ముందు నేను కిందికి చూసే ఆ కాసేపు, అన్నీ ఒకేసారి కళ్ల ముందుకి వచ్చాయి. చిన్నోడు నా చేతుల మధ్య నిలబడి ఉంటాడు. వాడి తల నా గడ్డం కింద ఉంటుంది. తాళం తీసుకోలేదు. ఉప్పు మూట చేతిలో అలాగే పట్టుకుని కూర్చున్నాను.

మా ఆయన షిఫ్టు దిగి వచ్చాక తేలింది. గుసగుసల ఫోన్లు విశాఖపట్నంలో డాక్టరు గారి అపాయింట్‌మెంట్ కోసమట. ముందే చెబితే నేను ఏదో వంకతో తప్పించుకుంటానని అత్తయ్య అందిట. ఆ మర్నాడు మధ్యాహ్నానికే కుదిరింది. నన్ను పుట్టింటికి పంపించే ఆలోచన ఉందా అని అడిగేశాను. అతను అర్థం కానట్టు చూసి, "పంపిస్తే మా అమ్మతో నేనొక్కణ్ణే ఎలా వేగేది?" అన్నాడు. అత్తయ్య వంటింట్లోంచి వినబడేలా దగ్గింది.

ఇది రాస్తున్న రాత్రికి ఆపరేషన్ అయి చాలా కాలమైంది. నరం మీద ఒత్తిడి తీసేశారు. కాలి పట్టు చాలావరకు వచ్చింది. స్పర్శ మాత్రం బొటనవేలి వైపు కొంచెం తిరిగొచ్చి అక్కడే ఆగిపోయింది. ఇంకా వస్తుందా అని అడిగితే డాక్టరు గారు చూద్దాం అంటారు. ఆ మాటని నేను నమ్మను, కాదనను. పడుకునే ముందు అదే అద్దంతో అరికాలు చూసుకుంటాను. వేళ్ల సందులు, మడమ, అంచు. చెప్పులు మానేసి వెనక పట్టీ ఉన్న శాండిల్స్ వేసుకుంటాను. వేడి నీళ్లు ముందు మోచేత్తో ముట్టుకుని చూస్తాను. మెట్టె ఆపరేషన్ నాడు తీశాక మళ్లీ ఎడమ కాలికి పెట్టలేదు. బిగుసుకుపోయినా తెలియదని. అత్తయ్య ఒక్కసారి కూడా ఎందుకు పెట్టలేదని అడగలేదు. ఆవిడ ఆ చల్లటి మూట పెట్టింది ప్రేమతోనా కోపంతోనా అని అప్పుడప్పుడు ఇంకా ఆలోచిస్తుంటాను. అడిగితే రెండూ కాదంటుందని అనుమానం.

కానీ ఆ మర్నాటి ఉదయానికి ఇవేవీ నాకు తెలియవు. తెలిసిందల్లా పిల్లలకి ఏదో ఒకటి చెప్పాలని. మా ఆయన సెలవు పెట్టాడు. తన మోటార్ సైకిల్ మీద ఇద్దరినీ దింపుతానన్నాడు. చిన్నోడు బూట్లు వేసుకుని అలవాటు ప్రకారం మెట్ల కిందికి పరుగెత్తి, స్కూటీ ముందు నిలబడి, నేను రావడం లేదేమిటని చూస్తున్నాడు. పెద్దది గుమ్మంలోనే ఆగింది.

ఇద్దరినీ పిలిచి మెట్టు మీద కూర్చోబెట్టాను. ఎడమ కాలు ముందుకి చాపాను. అమ్మ కాలికి ఏం తగిలినా తెలియడం లేదని చెప్పాను. నడుములో నరం దెబ్బ తిన్నదని, ఈ రోజు డాక్టరు గారు చూస్తారని, బాగవుతుందో లేదో నాకు తెలియదని చెప్పాను. కాలికి మళ్లీ తెలిసే దాకా మిమ్మల్ని బండి ఎక్కించుకోనన్నాను. ఆటో అయితే నాన్న ముందు ఆ డ్రైవరుతో మాట్లాడతాడని, మామ్మ పక్కన కూర్చుని వస్తుందని చెప్పాను. పెద్దదానితో, "నా కాలికి ఏం కనపడినా ముందు నాకు చెప్పు. మళ్లీ బండి ఎక్కిన రోజున చెప్పు పడినా సరే. బండి ఆపేస్తాను," అన్నాను. అది నా వైపు కాసేపు చూసి, "నిజంగా ఆపుతావా?" అంది. ఆపుతానన్నాను. నమ్మిందో లేదో నాకు తెలియదు. అది నా కూతురు.

చిన్నోడికి ఇదంతా ఆటలా ఉంది. నన్ను కళ్లు మూసుకోమన్నాడు. మూసుకున్నాను. వాడి బూటు చప్పుడు కింది మెట్టు మీదికి దిగింది. అత్తయ్య గుమ్మంలోకి వచ్చిన అలికిడి కూడా వినిపించింది.

"ఇప్పుడు నేను ఏ వేలు పట్టుకున్నానమ్మా?"

"తెలియడం లేదు నాన్నా," అన్నాను.